వెనక్కి అడిగిన మచ్చు

ఆ రోజుల్లో అనకాపల్లిలో సముద్రం చూడనివాడు లేడు, సముద్రం దాటినవాడూ లేడు. ఆదివారం విశాఖపట్నం వెళ్లి, పంట్లాం మోకాళ్ల దాకా మడిచి, అలల్లో కాసేపు నిలబడి, కాల్చిన మొక్కజొన్న కండె ఒకటి తిని బస్సెక్కేస్తే సముద్రంతో మనకున్న బంధుత్వం తీరిపోయేది. అలాంటిది మా ఇంటిల్లిపాదీ, అంటే నాన్న, అమ్మ, అక్క, నేను, ఓడెక్కి మూడు రోజులు ప్రయాణం చేసి పోర్ట్‌బ్లెయిర్‌లో అక్క పెళ్లి చెయ్యడానికి వెళ్తున్నామని తెలిసేసరికి ఊరు ఊరంతా మా అరుగు మీద కాపురం పెట్టింది. (అరుగు మీద పట్టేది ఆరుగురే. కానీ నేను ఈ కథ చెప్పడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లయింది, ఆ అరుగు ఏటేటా పెరుగుతోంది.) "ఓడ మధ్యలో టీకి ఆగుతాదా?" అని ఒకాయన, "వానొస్తే ఎక్కడ నిలబెడతారు?" అని ఇంకొకాయన. అన్నిటికీ నేనే జవాబులు చెప్పాను. అప్పటికి నేను ఓడని గోడ మీది క్యాలెండర్లో తప్ప చూడలేదు. ఇరవయ్యేళ్ల వాడికి అదేమంత అడ్డంకి కాదు.

పెళ్లికూతురే సముద్రం దాటి తరలి వెళ్లడమేమిటని మీరు అడగొచ్చు. దానికి కారణం పెళ్లికొడుకు తాతగారు. ఆయనది మా పక్కనున్న మునగపాక. కుర్రతనంలో పని వెతుక్కుంటూ అండమాన్ వెళ్లి, అక్కడే పాతుకుపోయి, పిల్లల్నీ మనవల్నీ ఎత్తి, తొంభయ్యో పడిలో పడ్డారు. (ఈ కథ మొదటిసారి చెప్పినప్పుడు ఆయన వయసు ఎనభై రెండే.) మనవడు అనకాపల్లి వచ్చి అక్కని చూసి, నచ్చి, అక్కకీ నచ్చాననిపించుకుని వెళ్లాడు గానీ తాతగారు ఓడెక్కే స్థితిలో లేరు. అందుకని ఒక ఉత్తరం రాయించారు. ఆయన ఎలా చెప్పారో అలాగే రాశాడు రాసినవాడు. "పెళ్లి ఇక్కడ సెయ్యండి. మాకేటీ తేవొద్దు. నాను ఊరొగ్గేసి అరవై ఏళ్లయిపోనాది. నా మనవడి నెత్తిన పెట్టే జీలకర్ర బెల్లంలో బెల్లం మాత్రం మన మునగపాక సెరుకుది అవ్వాల. ఒక్క దిమ్మ తెండి, సాలు." దానికి నాన్న కాదు, అక్కే స్వయంగా కలం పట్టి జవాబు రాసింది. "నేనే తెస్తాను తాతగారూ. ఇది నా మాట." పెళ్లికొడుక్కి ఒక్క ముక్క రాయకుండా పెళ్లికొడుకు తాతతో ఉత్తరాలు నడిపిన పెళ్లికూతురు మా ప్రాంతంలో మా అక్క ఒక్కతే అనుకుంటాను.

మాది బెల్లం కొట్టు, మూడు తరాల నాటిది. ఆ దిమ్మ కోసం నాన్న మునగపాక చుట్టుపక్కల తిరగని గానుగ లేదు. ఒకచోట పాకం ముదిరిందన్నాడు, ఒకచోట రంగు కోసం ఏదో కలిపారన్నాడు, ఒకచోట బెల్లం బాగానే ఉంది గానీ వండినవాడి మొహం బాగాలేదన్నాడు. పెళ్లికొడుకుని వెతకడానికి పట్టినదాని కంటే నాలుగు రోజులు ఎక్కువ వెతికి, చివరికి పదిహేను కిలోల దిమ్మనొకదాన్ని ఎంచాడు. ఎండలో పెడితే కంసాలి ఆగి చూసే రంగు. దాన్ని తాటాకులో చుట్టి, గోనెలో పెట్టి కుట్టి, నా ఒళ్లో దించి, "ఒరే, మిగతా సామానంతా సముద్రంలో పడిపోయినా నేనేం అనను. ఇది మాత్రం నీ పూచీ," అన్నాడు. (మిగతా సామాన్లో ఒక బస్తాడు కొబ్బరికాయలున్నాయి. చెట్టు మీద చెట్టుగా కొబ్బరితోటలున్న దీవులకి అనకాపల్లి నుంచి కొబ్బరికాయలు మోసుకెళ్లిన ఘనులం మేము. అక్కడ దిగాక ఆ తోటలు కళ్లారా చూసి కూడా నాన్న తప్పు ఒప్పుకోలేదు. "అవి వేరు, ఇవి వేరు" అన్నాడు.)

ఇక్కడ మా కొట్టు అలవాటొకటి చెప్పాలి. మా బెల్లం మార్కెట్లో ఎవరు గుమ్మంలోకి వచ్చినా దిమ్మ అంచు గిల్లి రుచికి ఒక ముక్క చేతిలో పెట్టాలి. దాన్ని మచ్చు అంటాం. కొనడానికి వచ్చినవాడికే కాదు, ఉత్తరం తెచ్చిన పోస్టుమేనుకీ, దారి అడగడానికి ఆగినవాడికీ, గుమ్మంలో తల పెట్టిన ఆవుకీ మచ్చు పెడతాం. పెట్టిన మచ్చు సంగతి మళ్లీ ఎత్తకూడదు. తిని కొనకుండా వెళ్లిపోయినా సరే, నవ్వుతూ సాగనంపాలి. అది వర్తకుడి పరువు. నాకు నడక కంటే ముందు మచ్చు పెట్టడం వచ్చిందని అమ్మ ఇప్పటికీ అంటుంది. అలాంటి చేతికి పదిహేను కిలోల దిమ్మని అప్పగించి నాన్న నిశ్చింతగా ఓడెక్కాడు. తప్పెవరిదో మీరే చెప్పండి.

ఓడ గురించి గోరంతలు కొండంతలు చెయ్యకుండా ఉన్నదున్నట్టు చెబుతాను. పొడవు మా మార్కెట్ యార్డంత, ఎత్తు మా ఊరి సినిమాహాలు మీద ఇంకో సినిమాహాలు పెట్టినంత. కింది అంతస్తులో పెద్ద హాలు, అందులో రైలు బెర్తుల్లా ఒకదాని మీద ఒకటి వరసలు వరసలుగా ఇనప మంచాలు, వాటిలో నాలుగు మావి. డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి ఓడ మెల్లగా బయటికి జారుతున్నంతసేపూ నాన్న పైన కటకటాలు పట్టుకుని, ఓడ తనే నడుపుతున్నట్టు నిలబడ్డాడు. "ఏటుందిరా ఇందులో? దీనికంటే దేవరాపల్లి బస్సే ఎక్కువ కుదుపుతాది," అన్నాడు. అంతలో కొండ దాటాం. ఆ మాట నాన్న నోట్లోంచి పూర్తిగా వచ్చిందో లేదో, దాని వెనకే పొద్దున్న తిన్న ఇడ్లీలు వచ్చాయి. పావుగంటలో అమ్మ, ఆ వెనకే అక్క. ముగ్గురూ మూడు మంచాల మీద తడిగుడ్డల్లా పడిపోయారు. నాకు మాత్రం ఏమీ కాలేదు. దానికి కారణం నా ఆరోగ్యమని నేను ప్రకటించాను. అక్క అంత వికారంలోనూ కళ్లు తెరవకుండానే, "నీ తలకాయలో తిరగడానికి ఏటుంది గనక!" అంది.

మా పక్క మంచం మీద దేవరాపల్లి ముసలమ్మ ఒకామె ఉండేది. కొడుకు పోర్ట్‌బ్లెయిర్లో తాపీపని చేస్తాడు, మనవణ్ని చూడ్డానికి వెళ్తోంది. ఆమె మంచం కోడు పట్టుకుని, "ఓలమ్మో, నాను సచ్చిపోతన్నాను! ఓడాపండి బాబూ, నాను దిగిపోయి నడిసెల్లిపోతాను!" అని ఏడుస్తోంది. నడవడానికి చుట్టూ బంగాళాఖాతం తప్ప ఏమీ లేదు. నా గుండె కరిగింది. అది కరిగేలోపే నా చెయ్యి కదిలింది. గోనె కుట్టు కొంచెం విప్పి, దిమ్మ అంచు గిల్లి, అమ్మ సంచిలోంచి శొంఠికొమ్ము తీసి దంచి, ఆ పొడి అద్ది, "ఇది బుగ్గన పెట్టుకో మామ్మా, క్షణంలో తగ్గిపోతుంది," అన్నాను. ఆ వైద్యం ఎక్కడ చదివానని అడక్కండి. ఆమె ముక్క పుచ్చుకుని అటు తిరిగి పడుకుంది. నేను కదల్లేదు. "తగ్గిందా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. కాసేపాగి మళ్లీ "తగ్గిందా?" అన్నాను. నాలుగోసారికి ముసలమ్మ లేచి కూర్చుని చేతులెత్తి దణ్ణం పెట్టి, "తగ్గిపోనాది బాబూ, మరి తగ్గిపోనాది!" అంది.

అంతే, నాకు కొమ్ములు మొలిచాయి. పక్క మంచం, ఎదుటి మంచం, పై మంచం, హాలు ఆ చివర. శొంఠి రెండో పూటకే అయిపోతే ఉత్త బెల్లమే ఇచ్చాను. పొద్దున్నొక మోతాదు, సాయంత్రమొక మోతాదు. నేను హాల్లోకి వస్తే "డాక్టరు బాబొచ్చేడు, డాక్టరు బాబొచ్చేడు" అని జనం మంచాల మీంచి చేతులు చాపేవారు. అనకాపల్లి బెల్లమని చెబితే మాత్రం మొహాలు వెలిగిపోయేవి. ఓడలో సగం మంది మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వాళ్లే, వాళ్లకి బెల్లం విలువ చెప్పక్కర్లేదు. రెండో రోజుకల్లా నేను మెడలో తువ్వాలు వేసుకుని నాడి కూడా చూడ్డం మొదలుపెట్టాను. మొత్తం నా చేతి మీద నయమైనవాళ్లు మూడు వందల డెబ్బై మంది. (అక్క నూట యాభై అంటుంది. అక్కకి ఏదైనా తగ్గించి చెప్పే జబ్బుంది.)

మూడో రోజు పొద్దున్న సముద్రం కాస్త నెమ్మదించింది. పచ్చటి దీవులు గీత గీసినట్టు కనిపించాయి. అమ్మ లేచి, మొహం కడుక్కుని, మనుషుల్లో పడి, "పెళ్లి రేపే కదా. ఏదిరా దిమ్మ? చీమలు పట్టేయేమో చూస్తాను," అంది. నేను గోనె తెచ్చి ముందు పెట్టాను. అది నా చేతికి ఇంత తేలిగ్గా ఎందుకుందా అని అప్పుడే మొదటిసారి ఆలోచించాను. అమ్మ విప్పింది. తాటాకు ఉంది. తాటాకులో ఒక చీమ ఉంది, అది కూడా నిరాశగా తిరుగుతోంది. దిమ్మ లేదు.

"ఏదిరా?" అంది అమ్మ.

"మచ్చు పెట్టేనమ్మా."

నాన్న మంచం మీంచి లేచాడు. రెండు రోజులుగా తల ఎత్తలేని మనిషి అంత వేగంగా లేవడం చూసి నా వైద్యం ఆయనకి కూడా పనిచేసిందేమో అనుకున్నాను. "మచ్చా? పదిహేను కిలోల మచ్చా? మీ తాత డెబ్బయ్యేళ్లు వ్యాపారం చేసేడురా, జన్మంతా కలిపి అంత మచ్చు పెట్టలేదు!" అన్నాడు. తరవాత తనలో ఉన్న వర్తకుడు మేలుకుని, "సరే, ఊళ్లో దిగగానే బజార్లో ఒక దిమ్మ కొనేద్దాం. తొంభయ్యేళ్ల ముసలాయనకి ఏటి తెలుస్తాది? ఏ బెల్లమైనా..." అంటూ ఆగిపోయాడు. బెల్లం బెల్లమే అనడానికి మా నాన్నకి నోరు రాలేదు.

అక్క మాత్రం ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని, "ఆయన ఇంకేమీ అడగలేదు నాన్నా. నేను తెస్తానని రాసేను. నేను ఆ ఇంట్లో పెట్టే మొదటి అడుగే అబద్ధంతో పెట్టమంటావా?" అంది. తరవాత నా వైపు చూసింది. చిన్నప్పటి నుంచీ అక్క నన్ను తిట్టింది, గిల్లింది, ఒకసారి గరిటెతో కొట్టింది. అవేవీ ఆ చూపంత నొప్పి పెట్టలేదు. ఓడ ఇంకో మూడు గంటల్లో ఒడ్డు చేరుతుంది. నాకు తోచింది ఒక్కటే. ఇచ్చిన మచ్చు వెనక్కి అడగాలి. అనకాపల్లి మార్కెట్ పుట్టినప్పటి నుంచీ ఏ వర్తకుడూ చెయ్యని పని. పైగా తిన్నది వెనక్కి అడగడం ఎలా? నూటికి తొంభై మంది తినేసుంటారు, ఎంగిలి కాని ముక్క ఒక్కటి, గోరంత, ఎవరి దగ్గరైనా మిగిలి ఉండకపోతుందా అని వెళ్లి ముందుగా దేవరాపల్లి ముసలమ్మ ముందు నిలబడ్డాను.

"మళ్లీ వొచ్చేవా? తగ్గిపోనాది బాబూ," అంది ఆమె భయపడి.

"అది కాదు మామ్మా. నీకిచ్చిన బెల్లంలో... ఏమైనా మిగిలిందా?" అని, సంగతంతా చెప్పాను.

ముసలమ్మ కాసేపు నన్ను ఎగాదిగా చూసి, కొంగు ముడి విప్పింది. అందులో నేనిచ్చిన ముక్కలు, మొదటి రోజు నుంచి పొద్దున్నా సాయంత్రం ఇచ్చినవన్నీ, అంటిన శొంఠిపొడితో సహా కుప్పగా ఉన్నాయి.

"తినలేదా?" అన్నాను.

"ఇసుంటి బెల్లం నానెందుకు తింతాను బాబూ? మా గుంటడికని దాసేను. డోకులకి తినేసి సముద్రంలో పారబోత్తానేటి?"

"మరి తగ్గిందన్నావు కదా?"

"నువ్వు నెత్తి మీద నిలబడి తగ్గిందా తగ్గిందా అని పేణం తీసేత్తంటే ఏటనమంటావు? తగ్గిపోనాదంటే ఎల్లిపోతావని అన్నాను."

మూడు రోజుల నా వైద్యవృత్తి అక్కడ ముగిసింది. మామూలు రోజుల్లో అయితే ఆ అవమానానికి సముద్రంలో దూకేవాణ్ని. (ఈత రాదు గనక ఆలోచించే దూకేవాణ్ని.) కానీ ఆ క్షణంలో నాకు ఆ ముసలమ్మ కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. ఆమె తన ముక్కల్లో సగం నా తువ్వాల్లో పోసి, సగం మళ్లీ ముడి వేసుకుని, "ఒక్కడివీ ఏటి అడుగుతావు, సిగ్గుతో సచ్చిపోతావు. పద," అని, మూడు రోజులుగా నడవలేని మనిషి నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయింది. హాలు మధ్యలో నిలబడి ఎత్తుకుంది. "ఓలమ్మలారా! ఓలయ్యలారా! ఈ బాబు అక్క పెళ్లి రేపు! నెత్తిన పెట్టడానికి బెల్లం నేదు! డాక్టరు బాబు మందు దాసినోలు బేగి తియ్యండి!"

పై మంచం మీంచి ఒక చెయ్యి దిగింది, రుమాల్లో మూట. ఆ వెనక టిఫిన్ డబ్బా. పొడుం డబ్బా. పసిపిల్లాడి టోపీ. ఒకాయన జోడులోంచి తీస్తే దానికి మాత్రం దణ్ణం పెట్టి వద్దన్నాను. ఇంటికి తీసుకెళ్దామని ఒకరు, చెల్లెలికని ఒకరు, పక్కింటివాళ్లకి చూపించాలని ఒకరు, ఒక్కళ్లు కాదు, దాదాపు అందరూ దాచారు! నేను "తగ్గిందా?" అని తిరిగిన ఆ హాల్లో ఎవరికీ ఏమీ తగ్గలేదు. కళ్లద్దాలాయన ఒక్కడు లేచి నిలబడి, తలొంచుకుని, "క్షమించాలి, నేను తినేశాను," అని, నేరం ఒప్పుకున్నట్టు చెప్పి, బదులుగా తన బిస్కట్ పాకెట్టు ఇవ్వబోయాడు. ఎవరూ ఇచ్చిందంతా తిరిగి ఇవ్వలేదు, అలాగని ఉత్త చేతులతోనూ పంపలేదు. అన్నీ కలిపి అమ్మ స్టీలు డబ్బాలో పోస్తే నాలుగు కిలోలైనా తేలింది. నాన్న ఒక ముక్క తీసి వాసన చూసి, "పొడుం వాసనొస్తంది," అని మొహం చిట్లించాడు. తరవాత ఇంకో ముక్క వెలుతురుకి పెట్టి చూసుకుని, "మనదే," అన్నాడు. ఆ మూడక్షరాల్లో అంత ఊరట నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు.

రేవులో తాతగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. మనవళ్లు కుర్చీతో సహా మోసుకొచ్చారట. ప్రయాణం ఎలా జరిగిందని అడగలేదు, నాన్నకి నమస్కారమూ పెట్టలేదు. "బెల్లం తెచ్చేరా?" అన్నారు. నేను డబ్బా మూత తీసి పట్టుకున్నాను. ఆయన డబ్బాలోకి వంగి చూశారు. "దిమ్మ కదా అడిగేను. ఇదేటి, సిల్లపెంకుల్లాగ?" అన్నారు. సముద్రం కుదుపుకి ముక్కలైపోయిందని చెప్పడానికి నాన్న నోరు తెరుస్తున్నాడు. అంతలో అక్క ముందుకొచ్చి, వంగి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. తమ్ముడు పంచేశాడని, తినకుండా దాచుకున్నవాళ్ల దగ్గర మళ్లీ అడుక్కొచ్చాడని, బెల్లం మాత్రం మునగపాకదేనని. నేను మెల్లగా కొబ్బరికాయల బస్తా వెనక్కి జరిగాను.

"ఓడలో జనమంతా దాసుకున్నారేటి?" అన్నారు తాతగారు.

"అందరూ తాతగారూ."

"ఎవులూ తిన్నేదా?"

"ఒకాయన తిన్నారు. క్షమించమన్నారు."

తాతగారి భుజాలు కదిలాయి. దగ్గేమో అనుకున్నాం. నవ్వు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "నాను వొచ్చినపుడు మాయమ్మ ఒక ముక్క కట్టి ఇచ్చింది తల్లీ. తినకుండా దాసేను. రోజూ తీసి సూసుకోడం, మళ్లీ కట్టీడం. ఇక్కడ వానలు నీకు తెల్దు. ఒక పొద్దు మూట ఇప్పితే ఏటీ నేదు, గుడ్డ తడిగా ఉన్నాది, అంతే. దాసుకునే పిచ్చి నాకొక్కడికే ఉన్నాదనుకున్నాను ఇన్నాళ్లూ," అన్నారు. అని, డబ్బాలోంచి ఒక ముక్క తీసి, దాచకుండా, అక్కడికక్కడే, పొడుం వాసనతో సహా నోట్లో వేసుకున్నారు. నేను బస్తా వెనక నుంచి ఇవతలికి వచ్చాను.

మర్నాడు పొద్దున్న జీలకర్రతో నూరిన ఆ బెల్లం ముద్దని బావ నెత్తిన అక్క, అక్క నెత్తిన బావ పెట్టారు. మాకు అక్కడ చుట్టాలు లేరు గదా, పెళ్లికూతురి తరఫు బల్లలు ఖాళీగా ఉంటాయని అమ్మ బెంగపడింది. ఓడలో బెల్లం ఇచ్చినవాళ్లు సగం మంది వచ్చి కూర్చున్నారు. "మా బెల్లం పెట్టేరా?" అని ఒకరినొకరు అడిగారు. ముసలమ్మ మనవణ్ని చంకనేసుకొచ్చి, వాడి బుగ్గన ముక్క పెట్టి, మొదటి వరసలో కూర్చుంది. నన్ను ఎవరూ తిట్టలేదు. నాన్న కూడా తిట్టలేదు. పైగా ఇద్దరు ముగ్గురికి, "మావాడే పంచేడు" అని గర్వంగా చూపించడం నేను కళ్లారా చూశాను. ఆ రోజు నేను తిన్న భోజనం మామూలు భోజనం కాదు. ఉరి తప్పినవాడి భోజనం. పాయసం ఏడుసార్లు వడ్డించుకున్నాను. (ఈ అంకెలో అతిశయోక్తి లేదు.)

తిరుగు ప్రయాణంలో ముగ్గురమే ఎక్కాం. అక్కది కావలసిన నాలుగో మంచం మీద సామాను పెట్టుకున్నాం. ఓడ రేవు వదిలిన కాసేపటికి, వెళ్లేటప్పుడు ఏమీ కాని నాకు కడుపులో ఏదో అయింది. తినలేను, కూర్చోలేను, మాట్లాడలేను. మూడు రోజులూ గోడ వైపు తిరిగి పడుకున్నాను. అమ్మ వచ్చి నుదురు నిమిరి వెళ్లేది. నాన్న, "పడలేదు వీడికి సముద్రం. ఒక్కొక్కళ్లకి తిరిగొచ్చేటప్పుడు పడదు," అని చుట్టుపక్కల వాళ్లకి చెప్పేవాడు. నేనూ అదే నమ్మాను. ఆ తరవాత ఎవరు ఓడ మాటెత్తినా, నాకు పడదండీ అని తప్పించుకునేవాణ్ని. చాలా ఏళ్లకి, నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక, ఒకనాడు కొట్లో కూర్చుని ఆ ప్రయాణం తలుచుకుంటూ నాన్న మామూలుగా అన్నాడు. "వెళ్లేటప్పుడు సంపేసింది గానీ, తిరిగొచ్చేటప్పుడు సముద్రం పళ్లెంలో నీళ్లలాగుందిరా. ఆ మూడు రోజులూ ఒక్క అల నేదు."